మా నాయన వంతెన

నంద్యాల, 10 నవంబరు 1957

నేను రిటైరవుతున్నాను, పంతొమ్మిదేళ్ల వయసులో. ఉద్యోగంలో చేరకముందే రిటైరైన మనిషి ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయివుంటాను.

మధ్యాహ్నం చిన్నాయన మా ట్రైనింగు స్కూలు హాస్టలుకు వచ్చాడు. వేయించిన శనక్కాయలు ఒక సంచి, అమ్మ నూరిన కారం ఒక డబ్బా, మాజీ సైనికుల సంఘం పెద్ద జమేదారు పుల్లయ్య గారి కబురు ఒకటి తెచ్చాడు. మొదటి రెండూ వచ్చీరాగానే నా చేతికిచ్చాడు. మూడోదానికి మాత్రం తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని అప్పుడు నోరు తెరిచాడు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లను అమరుల పిల్లలుగా వేదిక ఎక్కించకూడదని సంఘం తీర్మానించిందట. నాకు పోయిన ఏడాదే దాటాయి గానీ అప్పటికి ఇంకొకరు దొరక్క నన్నే ఎక్కించారు. ఇప్పుడు దొరికారు. శిరివెళ్ల పిల్ల, పేరు సైదాబీ, పదేళ్లుంటాయి. తండ్రి కాశ్మీరు యుద్ధంలో పోయాడు. డిసెంబరు ఏడున సైనికుల జెండా దినం నాడు ఆళ్లగడ్డ సభలో నా చేతుల మీదుగా ఆ పిల్ల మెడలో దండ వేయించి, నన్ను కిందికి దింపుతారు.

బాధపడొద్దన్నాడు చిన్నాయన. నాకు నవ్వొచ్చింది. ఏటా అందరి ముందూ గంగిరెద్దులా అలంకరించుకుని కూర్చునే పని తప్పినందుకు ఎవరైనా బాధపడతారా?

నా సర్వీసు వివరాలు ఈ సందర్భంగా రాసిపెట్టుకోవాలి. మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు పావడా జారిపోతుందేమోనని ఒక చేత్తో పట్టుకునే కూర్చున్నాను. తర్వాత్తర్వాత ఆరితేరాను. అప్పట్లో మేం ఒక వరుస పిల్లలం ఉండేవాళ్లం. మగపిల్లలు పనుల్లోకి, ఆడపిల్లలు అత్తగారిళ్లకు పోగా చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. ఆళ్లగడ్డలో అమరుడి బిడ్డ అంటే నేనే. జెండా దినానికే కాదు, ఆగస్టు పదిహేనుకూ నేనే, జనవరి ఇరవయ్యారుకూ నేనే. పశువుల ఆసుపత్రి తెరిచినప్పుడు కూడా నన్నే పిలిచి దండేశారు. ఎందుకో పశువులకే తెలియాలి.

ప్రతి జెండా దినానికీ ఒక ఇత్తడి గ్లాసు ఇస్తారు. దాని మీద "వీర జవాను సామ్యేలు కుమార్తెకు" అని చెక్కి ఉంటుంది. అవన్నీ మా ఇంటి గూట్లో వరుసగా ఉన్నాయి. వచ్చినవాళ్లకు అమ్మ వాటిలోనే నీళ్లిస్తుంది. ఆళ్లగడ్డలో సగం మంది మా నాయన పేరు మీద దాహం తీర్చుకున్నవాళ్లే. చిన్నాయన ఒక్కడే వాటిని ముట్టుకోడు. ఆయనకు మిలిటరీ నాటి ఎనామిలు మగ్గు ఒకటుంది. అంచంతా పెచ్చులూడిపోయినా అందులోనే తాగుతాడు. అది అసూయ అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడేమనుకోవాలో తెలియదు.

ఇక గ్లాసులు రావు. మంచిదే. గూట్లో చోటు లేదు.

11 నవంబరు

నాకేం బాధ లేదు. నిన్న రాసిందంతా సంతోషంతోనే రాశాను.

13 నవంబరు

పక్క మంచం విజయమ్మ, మీ నాయన ఎలా పోయాడని అడిగింది. వంతెన కథ చెప్పాను. ఆ పిల్ల మెత్తటిది, ఏడ్చేసింది. ఆమెను ఓదార్చేసరికి సాయంత్రం ప్రార్థన గంట కొట్టారు.

ఆ వంతెన పుట్టుక విజయమ్మకు చెప్పలేదు. జమేదారు గారు మా నాయనను కళ్లతో చూసిన మనిషి కాదు. ఇద్దరి పటాలాలూ వేరు. మొదటి ఏడాది సభలో ఆయన చెప్పింది ఒక్కటే మాట, బర్మాలో ఒక వాగు దగ్గర సామ్యేలు ప్రాణాలు వదిలాడని. రెండో ఏడాదికి వాగులో నీళ్లు పెరిగాయి. మూడో ఏడాదికి దాని మీద వంతెన లేచింది. శిరివెళ్ల దారిలో ఒక చిన్న మోరీ కట్టడానికి రోడ్లవాళ్లు ఎన్నేళ్లుగానో కొలతలు తీస్తూనే ఉన్నారు. జమేదారు గారు ఒక్క ఉపన్యాసంలో వంతెన కట్టేశారు. ఆ తర్వాత జపానువాళ్లు వచ్చారు. మొదట కొద్దిమందే వచ్చి, ఏటేటా ఎక్కువయ్యారు. పోయిన ఏడాది సభకు మా నాయన ఒక్కడే వంతెన మీద నిలబడి, తనవాళ్లంతా అవతలికి దాటేదాకా తుపాకి దించలేదు. వెనక్కి తిరిగి, "పోండన్నా, నేనుండా" అని అరిచాడు. ఆ మాట దగ్గర జమేదారు గారి మీసం వణుకుతుంది. ఆడవాళ్లు కొంగులు తీస్తారు.

నేను నమ్మానా అంటే నమ్మలేదు. ఈసారి ఎంతమంది జపానువాళ్లు చస్తారోనని సభకు ముందు నాలో నేనే పందెం వేసుకునేదాన్ని. కానీ "పోండన్నా, నేనుండా" దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఆ లెక్క మరిచిపోయేదాన్ని. ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నిజం తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. నాయనా, యాకోబు చిన్నాయనా మిలిటరీలో ఒకే కంపెనీలో ఉన్నవాళ్లు. నాయన దుప్పటి, బూట్లు పట్టుకుని మా గడపకు వచ్చింది ఆయనే. ఇంకోసారి జొన్నలు పట్టుకుని వచ్చాడు. మరోసారి నాకు పలక పట్టుకుని వచ్చాడు. ఆఖరికి పాదిరిగారిని వెంటబెట్టుకుని వచ్చి అమ్మను పెళ్లి చేసుకున్నాడు. ఏటా జెండా దినానికి ఉతికిన చొక్కా వేసుకుని, సభలో చివరి వరుసలో కూర్చుని, తన భార్య మొదటి భర్త గొప్పతనం విని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాడు. అలాంటి మనిషిని ఆ వాగు సంగతి ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. నాయన మాటెత్తితే చిన్నాయన నొచ్చుకుంటాడని నా భయం. నేను నొచ్చుకుంటానని ఆయన భయమేమో.

అమ్మ సంగతి వేరు. ఆమె మొగుడి పేరు పలకదు, ఇద్దరిదీ పలకదు. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్లు వచ్చి భర్త పేరడిగితే నా వైపు చూస్తుంది, నేను యాకోబు అంటాను. పాత మిలిటరీ కాగితాలు పట్టుకుని ఎవరైనా వస్తే మళ్లీ నా వైపే చూస్తుంది, నేను సామ్యేలు అంటాను. ఆమె ఇద్దరు మొగుళ్లకూ నోరు నేనే.

అందుకని, మా నాయన పేరు ఎవరో ఒకరు నలుగురిలో నోరారా పలికే చోటు ఆ వేదిక ఒక్కటే. ఇదంతా ఇప్పుడెందుకు రాశానో తెలియదు. విజయమ్మ అడిగింది కాబట్టి రాశాను.

17 నవంబరు

ఆదివారం. జమేదారు గారి ఆజ్ఞ ప్రకారం కొత్త పిల్లకు సభామర్యాదలు నేర్పడానికి శిరివెళ్ల వెళ్లి వచ్చాను. బదిలీ అయిన గుమాస్తా కొత్త గుమాస్తాకు బీరువా తాళాలు అప్పజెప్పినట్టుంది నా పని.

తల్లి అమీర్‌బీ గాజులమ్మే మనిషి. బుట్ట నెత్తిన పెట్టుకుని రుద్రవరం దాకా తిరుగుతుంది. నన్ను చూడగానే పేరు అడగకముందే చేయి పట్టుకుని మణికట్టు కొలత చూసింది. సైదాబీ సన్నగా, నల్లగా, మాటకు మాట అప్పజెప్పేలా ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. దండ వేసేటప్పుడు తల వంచాలి గానీ ముందే వంచకూడదు. వేసేవాడు ఫోటో కోసం ఆగుతాడు, మెడ పట్టేస్తుంది. బంతిపూలలో చీమలుంటాయి, ఎంత కుట్టినా గోక్కోకూడదు. ఆఫీసరు మాట్లాడుతున్నప్పుడు ఆవలింత వస్తే జెండా వైపు తల తిప్పాలి, చూసేవాళ్లు దేశభక్తి అనుకుంటారు. ఇవి ఏ ట్రైనింగు స్కూల్లోనూ నేర్పరు.

అంతా విని ఆ పిల్ల ఒకటే అడిగింది. "ఏడవల్లనా అక్కా?"

అక్కర్లేదని, ఆ పని అమ్మలు చూసుకుంటారని చెప్పాను. అమీర్‌బీ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

మీ నాయన నీకు గుర్తున్నాడా అని అడిగింది సైదాబీ. ఉన్నాడన్నాను. ఎలా ఉంటాడంది. ఎత్తుగా ఉంటాడన్నాను. నిజానికి నాకు గుర్తున్నది ఒక భుజం. దాని మీద కూర్చుని అహోబిలం తిరునాళ్లలో రథం చూశాను. ఆ భుజం నాయనదో చిన్నాయనదో కూడా నాకు సరిగా తెలియదు. ఆ పిల్లకు అదీ లేదు. తండ్రి పేరు జిలాని. కాశ్మీరులో పోయాడన్న ముక్క తప్ప, ఎలా పోయాడో వాళ్లమ్మకు కూడా తెలియదట. గాజుల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

వచ్చేటప్పుడు అమీర్‌బీ నా చేతులకు పచ్చ గాజులు తొడిగింది.

18 నవంబరు

గాజులు బాగున్నాయి. పిల్ల కూడా బాగుంది. అదే నా చికాకు.

24 నవంబరు, ఆళ్లగడ్డ

జమేదారు గారింటి వసారాలో ఇవాళ రిహార్సలు జరిగింది. ఎదురింట్లో శిల్పులు ఏదో దేవుడికి ముక్కు చెక్కుతున్నారు. ఆ ఉలి చప్పుడును మించి గొంతు పెంచి ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నారు. వాగు వచ్చింది. వాగులో నీళ్లు వచ్చాయి. నేను అలవాటుగా తల కొంచెం వంచాను. వంతెన వచ్చింది. దాని మీద తుపాకి పట్టుకుని జిలాని నిలబడ్డాడు.

నేను తలెత్తాను. జమేదారు గారు నన్ను చూడలేదు. జపానువాళ్లకు బదులు ఉత్త శత్రువులు వచ్చారు, లెక్క మాత్రం పోయిన ఏడాదిదే. కొండల నిండా మంచు కురిసింది. వాగు ఆ మంచులో కూడా పారుతూనే ఉంది. జిలాని వెనక్కి తిరిగి "పోండన్నా, నేనుండా" అన్నాడు. మీసం సరిగ్గా ఆ మాట దగ్గరే వణికింది. సైదాబీ నోరు తెరుచుకుని వింటోంది.

పిల్లను తల్లి తీసుకుపోయాక, మా నాయన సంగతి ఏమిటని జమేదారు గారిని అడిగాను. నవ్వుతూనే అడిగాను. ఆయన కాగితం తిప్పి చివరి వాక్యం చూపించారు. ఇంతకు మునుపు అమరులైన ఇతరులకు కూడా జోహార్లు అని ఉంది. మా నాయన ఇతరుల్లో ఉన్నాడు.

"అది మా నాయన వంతెన గదా పెదనాయనా," అన్నాను.

ఆయనకు నా బాధేమిటో నిజంగా అర్థం కాలేదు. "నీకింక వయసు దాటిపాయ గదమ్మా. మంచి వంతెన. ఊరికే పాడు పెట్టుకుంటే ఏమొస్తాది? ఆ పాపకు చెప్పను ఏందీ లేకపాయ," అన్నారు.

చెడ్డమనిషైతే పోట్లాడవచ్చు. ఈయన నా చిన్నప్పుడు పావడా జారకుండా పిన్నీసు తెప్పించి పెట్టించిన మనిషి. ఆయన భార్య రామసుబ్బమ్మ ఉగ్గాని తెచ్చి ముందు పెట్టింది. తిన్నాను. కోపంలో రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

25 నవంబరు, నంద్యాల

నాకేం బాధ లేదు. లేని వంతెన పోతే బాధేమిటి?

28 నవంబరు

నాలుగో తరగతి పిల్లలకు నమూనా పాఠం చెప్పాను. నదుల వల్ల కలిగే లాభాలు చెప్పాలి. నేను వంతెనల వల్ల కలిగే నష్టాలు చెప్పానట. పంతులమ్మగారు వెనక బల్ల మీద కూర్చుని ఏదో చాలాసేపు రాసుకున్నారు. ఒక పిల్ల లేచి, వంతెన లేకపోతే ఎలా దాటుతారు టీచరుగారూ అని అడిగింది. ఈదుకుంటూ పోతారు అన్నానట. విజయమ్మ చెబితేగాని ఇవేవీ నాకు గుర్తు రాలేదు.

జమేదారు గారు నా దగ్గర్నుంచి లాక్కున్నది ఆయనే నాకిచ్చిన వస్తువు. అడిగే హక్కు నాకు లేదు. అయినా అది పోయాక చూసుకుంటే నాయన గురించి నా చేతిలో ఇంకేమీ మిగల్లేదు. ఏడ్చాను. రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

1 డిసెంబరు, ఆళ్లగడ్డ

అడిగేశాను.

ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వచ్చాక చిన్నాయన జట్కా విప్పి, గుర్రాన్ని కడుగుతున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. నేను బొక్కెన అందిస్తూ, వంతెన ఉండేదా చిన్నాయనా అన్నాను. ఆయన గుర్రం వీపు రుద్దుతూనే ఉన్నాడు.

"వాగు ఉండె," అన్నాడు. "వంతెన జమేదారుది."

ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇద్దరూ కంచరగాడిదలు తోలేవాళ్లు. కొండల మీది దండుకు పిండి మూటలు, మందుల పెట్టెలు చేరవేయడం వాళ్ల పని. తుపాకులు ఇచ్చారు గానీ అవి తువ్వాళ్లు ఆరేసుకోవడానికే పనికొచ్చాయి. నాయన తోలే గాడిద మహా మొండిది. నాయన చేయి తప్ప ఇంకెవరి చేయి పడినా అడుగు కదపదు. ఒకసారి నాయన చలిజ్వరంతో గుడారంలో పడివున్నప్పుడు, పైన గాయపడినవాళ్లకు మందులు పంపమని కబురొచ్చింది. మందులు దాని వీపు మీద కట్టి తోలుకుపోతే వాగు దగ్గర కూర్చుంది. లాగారు, కొట్టారు, చిన్నాయన బెల్లం పెట్టి బతిమాలాడు. అది బెల్లం తిని మళ్లీ కూర్చుంది. ఆఖరికి నాయనే దుప్పటి కప్పుకుని, వణుకుతూ వచ్చి, దాని చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. లేచింది. కురుస్తున్న వానలో, నడుము లోతు నీళ్లలో దాన్ని దాటించి, మందులు చేర్చి, తిరిగొచ్చి పడుకున్నాడు. ఇక లేవలేదు. ఆఖరిదాకా చిన్నాయన పక్కనే కూర్చున్నాడు.

ఇందులో దాచుకోవాల్సింది ఏముందని అడిగాను. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదన్నాను. చిన్నాయన వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ గాడిదకు వాడు పెట్టిన పేరు జీవమ్మ."

జీవమ్మ మా అమ్మ పేరు.

"ఎవురి మాటా ఇనదని ఆ పేరు పెట్టినాడు. పొద్దున లేస్తే జీవమ్మా, పండుకునేటప్పుడు జీవమ్మా. దానికి మేత పెట్టందే వాడు తినడు. మీ యమ్మను ఇడిసొచ్చిన బెంగంతా దాని మీద తీర్చుకుంటాండె. ఈ మాట నేను ఈ ఇంటికొచ్చి ఏ నోటితో చెప్పేది పాపా?"

నేను గోడకు ఆనుకుని నవ్వాను. నవ్వీ నవ్వీ ఏడ్చాను. వంతెన మీద నిలబడ్డ మనిషికి దండం పెట్టాను గానీ ఆయనెవరో నాకెప్పుడూ తెలియలేదు. భార్య మీద బెంగతో గాడిదకు ఆమె పేరు పెట్టుకుని, రోజంతా ఆ పేరు పిలుచుకుంటూ తిరిగిన మనిషిని మాత్రం వెంటనే పోల్చుకున్నాను. ఇన్నేళ్లకు నాయన దొరికాడు నాకు.

ఆ గాడిద తర్వాత ఏమైందని అడిగాను. తనే చూసుకున్నానన్నాడు చిన్నాయన. మళ్లీ వంటింటి వైపు చూశాడు. మళ్లీ నవ్వాను.

తిరునాళ్లలో నన్ను ఎత్తుకున్న భుజం ఎవరిదని కూడా అడిగాను. "వాడిదే," అన్నాడు. "నేనొచ్చేటప్పటికే నువ్వు బరువైపోయుంటివి."

3 డిసెంబరు, నంద్యాల

సభలో నిజం చెప్తాను. వంతెన లేదని, ఎవరికీ లేదని, అదంతా జమేదారు గారి కట్టడమని అందరి ముందూ చెప్పేస్తాను. అబద్ధం మీద దండ వేయించుకోవడం ఆ పిల్లకు మాత్రం మంచిదా? నేను సైదాబీ మేలు కోరే అంటున్నాను.

4 డిసెంబరు

సైదాబీ మేలు కోరే.

6 డిసెంబరు, ఆళ్లగడ్డ

సాయంత్రం బస్సులో ఇంటికి వస్తుంటే శిరివెళ్ల దగ్గర అమీర్‌బీ, సైదాబీ ఎక్కారు. రేపు పొద్దున్నే సభ కాబట్టి ఈ పూట జమేదారు గారింట్లోనే ఉంటారట. పిల్ల వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. కూర్చోగానే మొదలుపెట్టింది. బడిలో అందరికీ చెప్పిందట. పంతులుగారు మళ్లీ చెప్పించుకుని మరీ విన్నారట.

"మా అబ్బా ఒక్కడే నిలబడినాడంట అక్కా. పోండన్నా, నేనుండా అనినాడంట. నువ్వు యాడన్నా విన్యావా?"

నేను మూడు రోజులుగా తయారుచేసి పెట్టుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది. అవతల అమీర్‌బీ ఒళ్లో బుట్ట పెట్టుకుని, వినబడనట్టు కిటికీలోంచి చూస్తోంది.

"విన్నా," అన్నాను. "చిన్నప్పటి నుంచి వింటాండా."

వాళ్లబ్బా పేరు ఆళ్లగడ్డ దాకా పాకిందని ఆ పిల్ల పొంగిపోయింది. కొంచెంసేపటికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అప్పుడు అమీర్‌బీ చెప్పింది. పదేళ్లలో ఈ పిల్ల తండ్రి గురించి ఏమీ అడిగింది కాదట. ఈ మధ్యే, ఆయన గొంతు ఎలా ఉండేదని అడుగుతోందట. ఆయన పాడే పాటలను ఆమె తనకు గుర్తున్నంత వరకు పాడి వినిపిస్తోందట.

ఆ వంతెన అబద్ధమే. కానీ నేను దాని మీద నడిచే ఇంతదాన్నయ్యాను. ఈ పిల్ల ఇంకా ఇవతలి ఒడ్డునే ఉంది. పోనీ, దాటనీ. పెద్దయ్యాక తను అడగాల్సినవాళ్లను తను అడుగుతుంది.

కానీ మా నాయన మాత్రం ఇతరుల్లో ఉండడానికి వీల్లేదు. ఆ మాట చిన్నాయనతో అన్నాను. గాడిద దాకా చెప్పు, దాని పేరు మాత్రం వద్దు, మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానీదు అన్నాడు. పేరు లేకపోతే అందులో ఇంక నాయన ఏడీ?

7 డిసెంబరు

అయిపోయింది.

పొద్దున్నే పందిట్లో అందరి చొక్కాలకూ చిన్న కాగితపు జెండాలు గుచ్చారు. నంద్యాల నుంచి ఆఫీసరు ఆలస్యంగా వచ్చి, తొందరగా పోవాలన్నాడు. అమ్మ ఆడవాళ్ల వైపు ముందు వరుసలో, పక్కింటి కమలాక్షమ్మతో కూర్చుంది. ఏటా ఏడవడానికి వీలుగా ఉంటుందని అక్కడే కూర్చుంటుంది. చిన్నాయన ఉతికిన చొక్కాతో చివరి వరుసలో ఉన్నాడు.

జమేదారు గారు వంతెన దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉందన్నమాట. నేను తలూపాను. జిలాని వంతెన ఎక్కాడు. ఈసారి మీసంతో పాటు గొంతు కూడా వణికింది. సైదాబీ సరిగ్గా వేళకు తల వంచింది, దండ వేశాను. చీమ కుట్టినా గోక్కోలేదు. ఆఫీసరు మాట్లాడుతున్నంతసేపూ జెండా వైపే చూస్తూ కూర్చుంది. నా శిష్యురాలు.

కొత్త ఇత్తడి గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చాక నన్ను దిగమన్నారు. రెండు మాటలు చెప్పి దిగుతానన్నాను. జమేదారు గారు ఆఫీసరును చూశారు, ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. వాళ్లు తేల్చుకునేలోగా నేను మొదలుపెట్టేశాను.

మా నాయన పేరు సామ్యేలు అన్నాను. కంచరగాడిదలు తోలేవాడన్నాను. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. జ్వరం సంగతి, వాగు సంగతి, మందుల సంగతి చెప్పాను. ఆయన ఎవరినీ చంపలేదని, చంపాడని విన్నదానికంటే నాకు ఇదే బాగుందని చెప్పాను. ఆ గాడిద ఎవరి మాటా వినేది కాదని చెప్పేసరికి చివరి వరుసలో చిన్నాయన లేచి నిలబడి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. నాకు కనబడనట్టు ఊరుకున్నాను.

"ఇంటి మీద బెంగతో ఆయన దానికి మా అమ్మ పేరు పెట్టుకున్నాడు. ఆయన నోటితో జీవమ్మా అని పిలిస్తేగాని అది లేచేది కాదు. ఆ పేరు పిలవడానికే ఆయన జ్వరంలో లేచి వచ్చాడు," అన్నాను.

ముందుగా కమలాక్షమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్లు, మగవాళ్లు, చివరికి ఆఫీసరు కూడా నవ్వాడు. అమ్మ కొంగు మొహం నిండా కప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఎంత పని చేశాననుకున్నాను. అప్పుడు కొంగు జారింది. అమ్మ నవ్వుతోంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా, చిన్నపిల్లలా నవ్వుతోంది. నాయన మాట చెప్పినప్పుడు అమ్మ నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

చిన్నాయన ఈసారి చప్పట్లు కొట్టలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

వేదిక దిగేటప్పుడు కాలు తడబడితే సైదాబీ నా చేయి పట్టుకుంది. కింద జమేదారు గారు కాగితం, పెన్సిలు పట్టుకుని ఎదురొచ్చారు. గాడిదలు మొత్తం ఎన్ని, వాగు వెడల్పు ఎంత అని అడిగారు. వచ్చే ఏడాదికి ఆ గాడిద ఏనుగవుతుంది. కానివ్వండి. నాయన పేరుతోనే అవుతుంది కదా.

8 డిసెంబరు

నిన్న సభ నుంచి వచ్చాక అమ్మ చిన్నాయనతో మాట్లాడలేదు. ఆయన గుర్రాన్ని పొద్దున ఒకసారి కడిగి, గుడి నుంచి వచ్చాక మళ్లీ కడిగాడు. ఆ గుర్రం ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నం సంగటి పెట్టి, ఎదురుగా కూర్చుని, అప్పుడు అడిగింది అమ్మ. "ఇన్నేండ్లు కడుపులో పెట్టుకుంటివా?"

"చెప్తే కొడ్తావని."

"పేరు పెట్టింది ఆయన. నిన్నెందుకు కొడ్తా?"

"కొట్టను చేతికి దొరికేది నేనొక్కణ్ణే గదా," అన్నాడు చిన్నాయన.

అమ్మకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి చిన్నాయన కూడా నవ్వబోయాడు. ముద్ద గొంతులో పడి పొలమారింది. దగ్గుతూ మగ్గు కోసం చేయి చాచాడు. అది పెరట్లో, గుర్రం దగ్గరే ఉండిపోయింది. నేను తేవడానికి లేచాను. అమ్మ నన్ను కూర్చోమని సైగ చేసి, గూట్లోంచి ఒక ఇత్తడి గ్లాసు తీసింది. కడవలో ముంచి తెచ్చి ఆయన ముందు పట్టుకుంది.

చిన్నాయన గ్లాసు మీది అక్షరాలు చూశాడు. దగ్గు వస్తూనే ఉంది గానీ చేయి చాచలేదు. అమ్మ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది.

"తాగబ్బా," అంది. "సామ్యేలు ఏమనుకోడులే."

పేరు కోసం నా వైపు చూడలేదు. తనే చెప్పింది. చిన్నాయన రెండు చేతులతో గ్లాసు అందుకుని తాగాడు.